రాత్రి 9 దాటితే నెట్ ఈడుస్తోంది, గ్రాఫులో మాత్రం మూడో వంతు ఖాళీ. లింకు ఎంత కొనాలి?

గోదారి_లింకు | నవంబరు 3, రాత్రి 11:20

నమస్కారమండి. మాది పాలకొల్లు దగ్గర చిన్న కేబుల్ నెట్‌వర్క్. 480 ఫైబర్ కనెక్షన్లు ఉన్నాయి. పైనుంచి వచ్చే లింకు ఒకటే, 1 జీబీపీఎస్. రాత్రి 9 దాటిందంటే ఫోన్లే ఫోన్లు. వీడియో గుండ్రంగా తిరుగుతోందని ఒకరు, అమెరికాలో ఉన్న అబ్బాయితో మాట్లాడుతుంటే బొమ్మ ఆగిపోతోందని ఇంకొకరు. సరే అని గ్రాఫు తీస్తే ఈ రోజు పీక్ 640 ఎంబీపీఎస్. అంటే 360 ఖాళీ! ఏడాది గ్రాఫులో అయితే 410 ఎప్పుడూ దాటలేదు. మా ఓనరు గారు ఆ ఏడాది గ్రాఫే ప్రింటు తీసి గోడకు అంటించి "సగం కూడా వాడటం లేదు, ఇంకో లింకు ఎందుకయ్యా" అంటున్నారు.

నెట్లో ఎక్కడ చూసినా "70 శాతం దాటితే పెంచండి" అని రాస్తారు. ఆ 70 ఎక్కడి నుంచి వచ్చింది? ఎంత కొనాలో చెప్పే అసలు లెక్క ఏమైనా ఉందా, లేక అందరూ ఉజ్జాయింపుగా కొనేస్తారా?

నాక్_నైట్‌షిఫ్ట్ | నవంబరు 3, రాత్రి 11:52

తమ్ముడూ, ముందు ఆ గోడ మీద కాగితం చింపెయ్. ఎంఆర్‌టీజీ లాంటి టూల్స్‌లో రోజు గ్రాఫులో ఒక్కో చుక్క 5 నిమిషాల సగటు. వారం గ్రాఫుకు వస్తే 30 నిమిషాలు, నెల గ్రాఫుకు 2 గంటలు, ఏడాది గ్రాఫుకు వచ్చేసరికి ఒక రోజంతా కలిపి ఒక చుక్క. మీ ఓనరు గారు చూస్తున్న 410లో తెల్లవారుజామున 3 గంటలకు ఊరంతా నిద్రపోయే టైము కూడా కలిసిపోయింది. పాత డేటాను సగటుగా కాకుండా గరిష్ఠంగా కూడా దాచమని సెట్టింగ్ ఉంటుంది, అది పెట్టుకో.

అలాగే పారిన బైట్లను లెక్కపెట్టే రౌటరు కౌంటర్లు 64 బిట్‌వో కాదో చూడు. 32 బిట్ కౌంటరు 1 జీబీపీఎస్ దగ్గర 34 సెకన్లకు ఒకసారి తిరిగి సున్నాకు వస్తుంది. నువ్వు 5 నిమిషాలకు ఒకసారి చదివితే మధ్యలో అది ఎన్నిసార్లు తిరిగిందో తెలియదు, గ్రాఫు 114 ఎంబీపీఎస్ పైన ఎప్పటికీ చూపించదు. నా మొదటి ఉద్యోగంలో మూడు వారాలు "లింకు హాయిగా ఉంది" అని రిపోర్టు పంపాను. తర్వాత తిట్లు ఎలా ఉంటాయో ఊహించుకో.

తిక్క_ప్రశ్న | నవంబరు 4, ఉదయం 7:15

ఏడాది గ్రాఫు సంగతి సరే. ఈ రోజు గ్రాఫు 640 కూడా సగటే కదా? 5 నిమిషాలంటే 300 సెకన్లు. అందులో 100 సెకన్లు లింకు నిండా పారి, మిగతా 200 సెకన్లు 460 దగ్గర ఉన్నా సగటు అదే 640 వస్తుంది. ఆ 100 సెకన్లలోనే ఫోన్లు మోగుతాయి.

సిగ్మా_సుజాత | నవంబరు 4, ఉదయం 8:40

తిక్క గారు ఈసారి తిక్కగా ఏమీ అనలేదు, అసలు విషయం అదే.

పెళ్లి భోజనాలు గుర్తు తెచ్చుకోండి. 600 మంది భోంచేస్తారు, 3 గంటల టైము ఉంది, కాబట్టి గంటకు 200 మందికి కుర్చీలు చాలని ఎవరైనా లెక్క వేస్తారా? తలంబ్రాలు అవ్వగానే సగం మండపం ఒక్కసారి లేచి హాలు తలుపు దగ్గర నిలబడుతుంది. కుర్చీలు ఎన్ని కావాలో చెప్పేది ఆ తోపులాటే. వంటవాడికి సగటు చాలు, ఎందుకంటే సాంబారు గిన్నెలో ఆగుతుంది. బంతి వేసేవాడికి చాలదు.

నెట్‌వర్క్‌లో ఆ గిన్నె రౌటర్ బఫరు, అంటే డేటా ముక్కలు (ప్యాకెట్లు) కాసేపు ఆగే చోటు. అది చాలా చిన్నది, మిల్లీసెకన్ల లెక్క. కాబట్టి మనకు కావాల్సినవి రెండు సంఖ్యలు: రద్దీ గంటలో సగటు, ఆ సగటు చుట్టూ ఎంత ఊగుతోందో చెప్పే ప్రామాణిక విచలనం. రెండోది ఎంతసేపటి కిటికీలో కొలిచారన్న దాన్ని బట్టి మారిపోతుంది. 5 నిమిషాల కిటికీలో చూస్తే ఊగిసలాట దాదాపు కనిపించదు.

గోదారి_లింకు గారూ, 1 సెకను కిటికీలో, వీలైతే 100 మిల్లీసెకన్లలో కొలవగలరా? మామూలుగా దూరం నుంచి రౌటరు కౌంటర్లను అడిగి తెలుసుకునే పద్ధతి, ఎస్‌ఎన్‌ఎంపీతో కుదరదు. చాలా పెట్టెల్లో ఆ కౌంటర్లు కొన్ని సెకన్లకు ఒకసారే మారతాయి.

నాక్_నైట్‌షిఫ్ట్ | నవంబరు 4, ఉదయం 9:05

పోర్టు మిర్రర్ (లింకు ట్రాఫిక్ నకలు ఇంకో పోర్టుకు పంపే సెట్టింగ్) పెట్టి పాత కంప్యూటర్లో లినక్స్ వేసుకో. నెట్‌వర్క్ కార్డు బైట్ల కౌంటరును 100 మిల్లీసెకన్లకు ఒకసారి చదివి ఫైల్లో రాసే స్క్రిప్టు పది లైన్లు కూడా ఉండదు. ప్యాకెట్లు దాచకు, ఎవరు ఏం చూస్తున్నారో మనకు అనవసరం. లెక్క మాత్రం చాలు.

పాతటెలికాం | నవంబరు 4, మధ్యాహ్నం 3:30

రిటైరైన మనిషిని. 70 శాతం మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. డెన్మార్క్‌లో ఎర్లాంగ్ అనే ఆయన కోపెన్‌హాగన్ టెలిఫోన్ కంపెనీలో పని చేసేవాడు. ఫోన్ కాల్స్ పాయిజాన్ లెక్కన, అంటే ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా యాదృచ్ఛికంగా, వస్తాయని 1909లో రాశాడు. ఇన్ని లైన్లుంటే వందకు ఎన్ని కాల్స్ పోతాయో చెప్పే సూత్రం 1917లో ఇచ్చాడు. మేము సర్వీసు మొత్తం ఆ టేబుల్ పుస్తకం పక్కన పెట్టుకుని బతికాం.

30 లైన్ల గుత్తి తీసుకోండి. వందకు ఒక కాల్ మాత్రమే పోవచ్చు అనుకుంటే అది మోయగలిగేది 20.3 ఎర్లాంగులు (ఒక ఎర్లాంగు అంటే ఒక లైను పూర్తిగా నిండేంత ట్రాఫిక్). అంటే 68 శాతం. మీరన్న 70 దగ్గర్లోనే ఉంది కదా! అయితే అదే టేబుల్లో 5 లైన్లకు చూస్తే 1.36 ఎర్లాంగులే, 27 శాతం. 100 లైన్లకు 84 ఎర్లాంగులు. సూత్రం ఒకటే, శాతాలు ఎంత తేడానో చూడండి. గుత్తి పెద్దదయ్యే కొద్దీ ఒకరి ఖాళీ ఇంకొకరికి అక్కరకొస్తుంది. కాబట్టి లింకు సైజు చెప్పకుండా "70 శాతం" అనేవాడిని నమ్మకండి.

కొత్తగా_చేరా | నవంబరు 4, సాయంత్రం 6:10

సార్, నేను ఎంటెక్ చదువుతున్నాను. మరి ఆ ఎర్లాంగ్ టేబులే ఇంటర్నెట్‌కూ వాడేయచ్చు కదా? కాల్స్ బదులు ప్యాకెట్లు అనుకుంటే సరి. మా సిలబస్‌లో కూడా ప్యాకెట్లు పాయిజాన్ అనే మొదలుపెడతారు.

సిగ్మా_సుజాత | నవంబరు 4, రాత్రి 9:25

అక్కడే 1990ల్లో అందరూ బోల్తా పడ్డారు.

అమెరికాలో బెల్‌కోర్ ల్యాబ్ వాళ్లు 1989 ఆగస్టు నుంచి 1992 ఫిబ్రవరి దాకా తమ ఈథర్‌నెట్‌లో పారిన కోట్లాది ప్యాకెట్లను కచ్చితమైన టైముతో నమోదు చేశారు. లెలాండ్, టక్కూ, విల్లింగర్, విల్సన్ అనే నలుగురు దాన్ని విశ్లేషించి 1993లో చూపించారు. పాయిజాన్ నిజమైతే 10 మిల్లీసెకన్లలో ఎగుడుదిగుడుగా ఉన్న గ్రాఫు, 10 సెకన్ల కిటికీలో చూసేసరికి చదునైపోవాలి. అవ్వలేదు. 100 సెకన్ల కిటికీలో చూసినా అదే ఎగుడుదిగుడు. పక్కపక్కన పెడితే ఏ బొమ్మ ఏ కిటికీదో చెప్పలేం. ముద్ద తుంచి చూసినా పెద్ద ముద్దలాగే ఉండే గుణం, స్వయం సాదృశ్యం అంటాం. 1995లో పాక్సన్, ఫ్లాయిడ్ ఇద్దరూ దూరప్రాంతాల ట్రాఫిక్ మీద ఇదే పని చేశారు. మనిషి వచ్చి సెషన్ మొదలుపెట్టడం పాయిజాన్‌కు బాగానే ఒదుగుతుందనీ, ఆ సెషన్ లోపల ప్యాకెట్లు మాత్రం అస్సలు ఒదగవనీ తేల్చారు.

కారణం సింపులే. ఫోన్‌లో ఎవరు ఎంతసేపు మాట్లాడినా సెకనుకు పట్టే జాగా ఒకటే. డౌన్‌లోడ్లు అలా కాదు. నూటికి తొంభై చిన్న చిన్న ముక్కలు, ఒక వాట్సాప్ ఫోటో, ఒక వెబ్ పేజీ. మిగిలిన కొన్ని 60 జీబీ గేమ్ అప్‌డేట్లు. బైట్లలో ఎక్కువ భాగం మోసేది ఆ కొద్దివే. దీన్ని బరువైన తోక అంటాం. ఆ తోక ఎంత బరువో చెప్పే సంఖ్య, పరెటో ఘాతం, 1కీ 2కీ మధ్య ఉంటే సగటు ఉంటుంది గానీ విచలనం అనంతం. అలాంటి పొడుగు డౌన్‌లోడ్లు ఒకదాని మీద ఒకటి పడి గంటల తరబడి ఒకే వైపు ఒరుగుతాయి.

కాలవగట్టు | నవంబరు 5, ఉదయం 6:50

మీరు చెబుతున్న ఈ ఒరుగుడుకు పేరు హర్స్ట్ కదా? ఆ హర్స్ట్ మావాడండీ! నీళ్ల మనిషి. నేను ఇరిగేషన్‌లో పని చేస్తాను కాబట్టి మా వాటా మేం అడుగుతాం.

హెరాల్డ్ హర్స్ట్ ఈజిప్టులో దశాబ్దాలు పని చేసిన బ్రిటిష్ ఇంజనీరు. నైలు మీద రిజర్వాయరు ఎంత పెద్దది కట్టాలన్నది ఆయన ప్రశ్న. కైరో దగ్గర నీటిమట్టం క్రీ.శ. 622 నుంచి రాసి పెట్టిన లెక్కలు ఉన్నాయి. వరద ఏడాది పక్కన మళ్లీ వరద ఏడాదే, కరువు పక్కన కరువే గుంపులుగా వస్తున్నాయని, మామూలు లెక్కకన్నా చాలా పెద్ద రిజర్వాయరు కావాలని 1951లో రాశాడు. ఈ గుంపు గుణాన్ని కొలిచే సంఖ్యనే హర్స్ట్ ఘాతం అంటారు; స్వతంత్రంగా పడే ఏళ్లయితే అది 0.5 రావాలి, ఆయనకు 0.7 పైన వచ్చింది. మీ లింకూ మా రిజర్వాయరూ ఒకటే జాతి: వచ్చేది మన చేతిలో లేదు, దాచుకునే చోటు కొంతే, గేటు వెడల్పు ముందే తేల్చుకోవాలి.

2009 అక్టోబరులో శ్రీశైలానికి 25 లక్షల క్యూసెక్కుల పైన వచ్చింది. ఆ రాత్రి ఎవరికీ సగటు గుర్తుకు రాలేదు.

గోదారి_లింకు | నవంబరు 9, రాత్రి 11:45

కొలిచానండి. మిర్రర్ పోర్టు, పాత డెస్క్‌టాపు, నాక్ అన్న చెప్పినట్టే. నాలుగు రాత్రులు, 9 నుంచి 10 దాకా. శనివారం లెక్క ఇది:

సగటు 640 ఎంబీపీఎస్. ప్రామాణిక విచలనం 100 మిల్లీసెకన్ల కిటికీలో 140, 1 సెకనులో 95, 10 సెకన్లలో 65.

100 మిల్లీసెకన్ల డేటాలో వందకు రెండు చుక్కలు 970 పైన ఉన్నాయి. గ్రాఫు పైన కత్తెరతో కోసినట్టు చదునుగా ఉంది. చూడగానే కడుపులో తిప్పింది. నాలుగు నెలలుగా నేను ఫోన్లో అందరికీ "మీ రౌటరు ఆపి ఆన్ చెయ్యండి" అని చెబుతున్నాను.

సిగ్మా_సుజాత | నవంబరు 10, ఉదయం 8:20

భలే డేటా ఇచ్చారు. ముందు హర్స్ట్ విలువ చూద్దాం, కాలిక్యులేటర్ చాలు. కిటికీ 10 రెట్లు పెంచితే 140 కాస్తా 95 అయింది, మళ్లీ 10 రెట్లు పెంచితే 65. రెండుసార్లూ దాదాపు 0.68 రెట్లు తగ్గింది. పాయిజాన్ అయితే 10కి వర్గమూలం, అంటే 3.16తో భాగించాలి: 140 కాస్తా 44 కావాలి, ఆ తర్వాత 14. అలా కాలేదు. 0.68కి 10 ఆధారంగా లాగరిథమ్ తీసి 1 కలిపితే 0.83 వస్తుంది, అదే హర్స్ట్ విలువ. బెల్‌కోర్ వాళ్లకు కూడా 0.8 చుట్టుపక్కలే వచ్చింది. పాలకొల్లు ట్రాఫిక్ పుస్తకం చదివినట్టే నడుచుకుంటోంది!

ఇక ఎంత కొనాలి. నెదర్లాండ్స్‌లో ప్రాస్, వాన్ డి మేంట్, మాండ్యెస్ అనేవాళ్లు ఇచ్చిన సూత్రం నాకు ఇష్టం, ఎందుకంటే చేత్తో వేయచ్చు. కావాల్సిన సామర్థ్యం అంటే సగటుకు, ఒక గుణకంతో గుణించిన విచలనాన్ని కలిపితే వచ్చేది. వందలో ఒక కిటికీలో మాత్రమే లింకు చాలకపోవచ్చు అనుకుంటే గుణకం 3.03. వెయ్యిలో ఒకటి అంటే 3.72.

1 సెకను కిటికీ, వందలో ఒకటి: 640 + 3.03 × 95 = 928. వెయ్యిలో ఒకటి: 993.
100 మిల్లీసెకన్ల కిటికీ, వందలో ఒకటి: 640 + 3.03 × 140 = 1064.

అంటే మీ 1 జీబీపీఎస్ సినిమాలు చూసేవాళ్లకు అంచు మీద ఉంది. వీడియో కాల్, గేమ్ వాళ్లకు ఎప్పుడో చాలడం మానేసింది. వీడియోకు ప్లేయర్‌లో కొన్ని సెకన్ల నిల్వ ఉంటుంది కాబట్టి 1 సెకను కిటికీ సరిపోతుంది. మాటకు ఆ నిల్వ లేదు.

తిక్క_ప్రశ్న | నవంబరు 10, ఉదయం 10:00

మూడు డౌట్లు. ఒకటి, వందలో ఒకటికి నార్మల్ టేబుల్లో 2.33 కదా, 3.03 ఎక్కడిది? రెండు, 9 నుంచి 10 దాకా ట్రాఫిక్ మెల్లగా ఎక్కుతూ పోతే, ఆ ఎక్కుడు కూడా హర్స్ట్ విలువను పెంచి చూపిస్తుంది. నిజంగా దీర్ఘ జ్ఞాపకం (ఒరుగుడు చాలాసేపు నిలిచే గుణం) ఉందో, టీవీ సీరియల్ అయిపోయి జనం ఫోన్లు పట్టుకున్నారో ఈ మూడు సంఖ్యలతో ఎలా చెబుతారు? మూడు, సీరియల్ టైము మార్చమని చానల్ వాళ్లకు రాస్తే చవక కాదా?

సిగ్మా_సుజాత | నవంబరు 10, మధ్యాహ్నం 1:15

ఒకటి: 3.03 ఒక పై హద్దు, కావాలనే కాస్త ముందుజాగ్రత్తగా తీసుకున్నది. 2.33 పెట్టినా 100 మిల్లీసెకన్లలో 966 వస్తుంది, అంచు అంచే.

రెండు: న్యాయమైన ప్రశ్న. చెప్పలేం. 2004లోనే కొందరు ఇదే వాదించారు, చిన్న చిన్న ముక్కల్లో చూస్తే పాయిజాన్ లాగే ఉంది, రేటు మారడమే మిమ్మల్ని మోసం చేస్తోంది అని. గంటను పది నిమిషాల ముక్కలు చేసి, ఒక్కో ముక్కలో సగటు తీసేసి మళ్లీ లెక్కేస్తే ఎంత మిగిలిందో చూడచ్చు. కానీ లింకు కొనేవాడికి ఆ తగాదా అక్కర్లేదు. సూత్రంలోకి వెళ్లేది కొలిచిన విచలనం, హర్స్ట్ విలువ కాదు. హర్స్ట్ మనకు నేర్పేది ఒక్కటే: పెద్ద కిటికీలో కొలిచి, చిన్న కిటికీ సంగతి పాయిజాన్ లెక్కన ఊహించుకోవద్దని.

మూడు: రాయండి. కాపీ ఇక్కడ పెట్టండి.

పాతటెలికాం | నవంబరు 10, సాయంత్రం 4:40

అమ్మా, లెక్క బాగుంది. కానీ ఒక మెలిక ఉంది. మా రోజుల్లో రెండు మాటలు వేరుగా వాడేవాళ్లం. జనం చేయాలనుకున్న ట్రాఫిక్ ఒకటి, లైను మోసిన ట్రాఫిక్ ఇంకొకటి. ఎర్లాంగ్ టేబుల్లోకి వెళ్లేది మొదటిది. మీటరు చూపించేది రెండోది. ఈ అబ్బాయి కొలిచింది కూడా మోసిందే. గ్రాఫు పైన కత్తెరతో కోసినట్టు ఉందన్నాడు కదా, కోసేసిన ముక్క ఎంతో మనకు తెలియదు.

పైగా డేటా పంపే వేగాన్ని నడిపే టీసీపీ అనే పద్ధతి ఉందే, అది మర్యాదస్తురాలు. దారి ఇరుకైతే తనే అడుగు తగ్గిస్తుంది. వీడియో ప్లేయరు తనంతట తానే క్వాలిటీ దించేస్తుంది. విసిగిపోయినవాడు ఫోన్ పక్కన పెట్టి పడుకుంటాడు. వీళ్లెవరూ 640లో లేరు. లింకు పెంచిన మర్నాడే సగటు పెరుగుతుంది, రాసి పెట్టుకోండి.

డాలస్_రవ్వదోస | నవంబరు 10, రాత్రి 10:30

ఇక్కడ బ్యాక్‌బోన్ వైపు, అంటే ఊళ్ల నెట్‌వర్క్‌లను కలిపే పెద్ద లింకుల మీద, పని చేసేవాడిగా ఒక మాట. మేము 100 జీబీపీఎస్ లింకుల మీద ఈ 100 మిల్లీసెకన్ల గొడవ అసలు పట్టించుకోం. లక్షల మంది ట్రాఫిక్ కలిసేసరికి సగటుతో పోలిస్తే ఊగిసలాట చాలా చిన్నదైపోతుంది. లోడు పెరిగే కొద్దీ ప్యాకెట్ల రాకడ పాయిజాన్ వైపే జరుగుతుందని బెల్ ల్యాబ్స్ వాళ్లు 2000 ప్రాంతంలో చూపించారు కూడా. అంటే ఎర్లాంగ్ గారు వెనక తలుపు నుంచి మళ్లీ వచ్చారు. మా దగ్గర 5 నిమిషాల లెక్క, పైన కాస్త మార్జిన్, అంతే.

మమ్మల్ని నిద్రపోనివ్వనిది వేరే. ఒక ఫైబరు తెగితే ఆ ట్రాఫిక్ అంతా ఏ లింకు మీద పడుతుంది? అందుకే సగం నిండితే చాలు ఆర్డరు పెట్టేస్తాం. ఆ 50 శాతం వెనక స్టాటిస్టిక్స్ కంటే జేసీబీ భయం ఎక్కువ.

కలిసేకొద్దీ చదునవుతుందన్న దానికి ఒక షరతు ఉంది: జనం ఎవరి పని వాళ్లు చూసుకోవాలి. 2023 నవంబరు 19న వరల్డ్ కప్ ఫైనల్‌ను హాట్‌స్టార్‌లో ఒకే క్షణంలో 5.9 కోట్ల మంది చూశారు. అప్పుడు స్వతంత్రం ఎక్కడుంది? అందరూ ఒకే బంతి కోసం ఎదురుచూస్తున్నారు. విచలనాలు వర్గమూలం లెక్కన కాకుండా నేరుగా కూడుకుంటాయి. 2020 మార్చిలో లాక్‌డౌన్ పడ్డప్పుడు యూరప్‌లో ఒక్క వారంలో 15 నుంచి 20 శాతం పెరిగింది. మామూలుగా నెలలు పట్టే పెరుగుదల అది. ఏ ఫోర్‌కాస్ట్ మోడల్లోనూ ఆ వారం లేదు. మార్జిన్ ఉన్నవాళ్లు గట్టెక్కారు.

నాక్_నైట్‌షిఫ్ట్ | నవంబరు 11, రాత్రి 1:10

కొత్త లింకు వచ్చేదాకా ఓ చిట్కా. రౌటర్లో ఎఫ్‌క్యూ కోడెల్ గానీ కేక్ గానీ (క్యూను అందరికీ సమానంగా పంచే పద్ధతులు) పెట్టి, 1 జీబీపీఎస్ కంటే కాస్త తక్కువ దగ్గర, 940 అనుకో, నువ్వే గట్టు వెయ్. అప్పుడు క్యూ పైవాళ్ల పెట్టెలో కాకుండా నీ పెట్టెలో కడుతుంది. గేమ్ డౌన్‌లోడ్ వెనక వీడియో కాల్ చిక్కుకోదు. రౌటరు ప్రాసెసరు తట్టుకుంటుందో లేదో రాత్రి 2 గంటలకు టెస్ట్ చేసుకో, 9 గంటలకు చెయ్యకు. మందు కాదిది, నొప్పి మాత్ర.

కొనేటప్పుడు ఇంకో సంగతి. కొందరు 95వ పర్సంటైల్ లెక్కన బిల్లు వేస్తారు. నెలలో 5 నిమిషాల చుక్కలు 8,640. పైనున్న 432 తీసేసి, తర్వాత మిగిలిన పెద్దదానికి డబ్బు. అంటే నెలకు 36 గంటలు ఎంత వాడినా ఫ్రీ. వినడానికి బంపర్ ఆఫర్ లాగే ఉంటుంది. కానీ నీకు రోజూ 3 గంటల రద్దీ, నెలకు 90 గంటలు. కాబట్టి నీ బిల్లు నీ రద్దీ గంటే. క్రికెట్ మ్యాచ్ రోజుల ఎక్స్‌ట్రా మాత్రమే ఆ 36లో దాక్కుంటుంది.

గోదారి_లింకు | నవంబరు 11, ఉదయం 9:30

పద్నాలుగు నెలల రద్దీ గంట సగటులు కూడా తీశాను. నెలకు దాదాపు 3 శాతం చొప్పున పెరుగుతోంది. ఇది మామూలు వడ్డీయా, చక్రవడ్డీయా? ఎక్సెల్‌లో రెండు గీతలూ బాగానే అతుకుతున్నాయి.

సిగ్మా_సుజాత | నవంబరు 11, సాయంత్రం 7:00

పద్నాలుగు చుక్కలతో రెండూ అతుకుతాయి, అందులో వింత లేదు. చక్రవడ్డీ అయితే 23, 24 నెలల్లో రెట్టింపు, మామూలు వడ్డీ అయితే 33 నెలలు. మీకు కావాల్సింది రెండేళ్ల తర్వాతి జోస్యం కాదు కదా. ఆర్డరు పెట్టిన రోజు నుంచి లింకు వెలిగే దాకా ఎన్ని నెలలు పడుతుందో అంత దూరం చూస్తే చాలు. ఆ దూరంలో రెండు గీతలకూ పెద్ద తేడా రాదు.

హోల్ట్ వింటర్స్ అనే అంచనా పద్ధతి వాడితే మట్టం, వాలు, సీజన్ మూడూ వేరువేరుగా వస్తాయి. వారం సీజనుకు అది బాగా పనికొస్తుంది, ఆదివారం ఆదివారంలాగే ఉంటుంది. పండగలకు జాగ్రత్త. సంక్రాంతి ఏటా జనవరి మధ్యలోనే వస్తుంది కాబట్టి మోడల్ పట్టుకుంటుంది. దసరా, ఉగాది తిథులను బట్టి జరుగుతాయి, పోయినేడు అదే తారీఖున పెరిగిందని ఈ ఏడు మామూలు రోజును పండగ చేసేస్తుంది. వాటికి పంచాంగం చూసి విడిగా ఒక గుర్తు పెట్టుకోండి.

కాలవగట్టు | నవంబరు 11, రాత్రి 8:15

గోదావరి జిల్లాల్లో సంక్రాంతి అంటే మామూలు సంగతా! నలుగురుండే ఇంట్లో పదిహేను మంది, హైదరాబాద్ నుంచి, బెంగళూరు నుంచి. ఒక్కొక్కరి చేతిలో రెండు ఫోన్లు, వచ్చీ రాగానే "వైఫై పాస్‌వర్డ్ ఏంటి పిన్నీ".

గోదారి_లింకు | డిసెంబరు 20, రాత్రి 10:50

అప్‌డేట్ ఇవ్వడం ఆలస్యమైందండి. గ్రాఫు పైన కత్తిరించినట్టున్న బొమ్మను ఏడాది గ్రాఫు పక్కనే గోడకు అంటించాను. ఓనరు గారు రెండు రోజులు ఏమీ మాట్లాడలేదు, మూడో రోజు ఎంత అవుతుందని అడిగారు. 10 జీ పోర్టు మీద 2 జీబీపీఎస్ కమిట్ (ఒప్పందం ప్రకారం మనకు ఉండే సామర్థ్యం) తీసుకున్నాం. డిసెంబరు 12న వెలిగింది.

పాతటెలికాం సార్ చెప్పినట్టే జరిగింది. కనెక్షన్లు అవే 480, సగటు 640 నుంచి 790కి లేచింది. పెరిగిన 150లో చాలావరకు అదివరకు విసిగి పడుకున్నవాళ్లే అనుకుంటున్నాను. విచలనం 1 సెకను కిటికీలో 130, 100 మిల్లీసెకన్లలో 190. గ్రాఫు పైన ఇప్పుడు చదును లేదు, మామూలు కొండల్లాగే ఉంది.

కొత్త టెన్షన్ ఏంటంటే, ఓనరు గారు "2000 కొన్నాం, 790 వాడుతున్నాం, 1200 ఖాళీ. పక్క ఊరికి కూడా లైను లాగేద్దాం" అంటున్నారు.

తిక్క_ప్రశ్న | డిసెంబరు 20, రాత్రి 11:05

790 + 3.03 × 190 = 1366. ఖాళీ 1200 కాదు, 634. ఆ కాగితం కూడా గోడకు అంటించు. గోడ చాలకపోతే గోడ సామర్థ్యం మీద వేరే చర్చ మొదలుపెడదాం.

గోదారి_లింకు | జనవరి 15, రాత్రి 11:30

కనుమ శుభాకాంక్షలండి అందరికీ. ఈ రాత్రి 9 నుంచి 10 సగటు 1,040. 1 సెకను విచలనం 150, అంటే 1,495 కావాలి, 2,000 ఉంది. మూడు రోజుల్లో స్లో అని ఒక్క ఫోను కూడా రాలేదు.

మొత్తం వచ్చింది ఒకే ఫోను. నిన్న మధ్యాహ్నం కోడిపందెం బరి దగ్గర జనం ఎక్కువై ఎవరో స్తంభం ఎక్కారట, ఫైబరు తెగి 60 ఇళ్లకు నెట్ పోయింది. దీనికి ఏ గుణకం పెట్టాలో సుజాత మేడమ్ చెప్పాలి.

పాతటెలికాం | జనవరి 16, ఉదయం 6:20

దానికి ఫైబరు అతికే స్ప్లైసింగ్ మిషను, నిచ్చెన. ఇంతకీ ఏ పుంజు గెలిచింది?